నాలుగు చక్రాలూ లాగే బండి

వల్లూరు,
7-11-2025, శుక్రవారం.

హనుమేశ్‌కు,

నీ ఈడువాడు, నీ పక్క బెంచీవాడు దేవరాజు చేసే నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఇంటామె, మా అమ్మాయి అర్పితా క్షేమంగా ఉన్నాం. హిరియూరులో నువ్వూ, నీ భార్యా పిల్లలూ వేళకు తిని, ఒళ్లు బాగుండి చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. మీ అక్క లక్ష్మక్క బాగుంది. ఇంటి ముందర చిన్న అంగడి పెట్టుకుంది. బీడీలు మాత్రం అమ్మనంటుంది. దానికి ఊళ్లో మగవాళ్లంతా ఆమె మీద అలిగి ఉన్నారు.

మర్యాదలు అయిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది. అందుకని కాగితం మీద పడ్డాను. కన్నడలో రాస్తే మీ గ్యారేజీలో ప్రతివాడూ చదువుతాడు. మడకశిర హాస్టల్లో రెండేళ్లు ఉండి తెలుగు రాయడం నేర్చుకున్నది మన ఊళ్లో మనిద్దరమే కాబట్టి తెలుగులో రాస్తున్నాను. ఇది నువ్వొక్కడివే చదవాలి.

వెనక నీళ్ల ట్యాంకు మోసే మన పాత పికప్పు పని అయిపోయింది. సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కాంట్రాక్టు మళ్లీ నాకే ఇస్తామన్నారు గానీ, ఈసారి కొత్త బండి ఉండాలన్నారు. సోమవారం లోపల బుక్ చెయ్యాలి. టూ వీల్ డ్రైవ్ తీసుకోవాలా, ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోవాలా అన్నది నాకు తేలడం లేదు. బండ్ల సంగతి నీకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నవ్వుకోకు, తుమకూరు షోరూముకు మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి ఫోర్ వీల్ అన్నాను. అక్కడి మనిషి నన్ను లోపల కూర్చోబెట్టి, గేరు పక్కనున్న చిన్న లీవరు చూపించి, ఇది లాగితే ముందు చక్రాలు కూడా పట్టు పడతాయి సార్, ఎలాంటి బురదైనా లెక్కలేదు అన్నాడు. ఆ లీవరు మీద చెయ్యి వేసి ఎంతసేపు కూర్చున్నానో ఏమో, పాపం టీ తెప్పించాడు. తాగి దిగి వచ్చేశాను. రెండోసారి టూ వీల్ అన్నాను. అతను రసీదు పుస్తకం తీసేలోపల, ఆలోచించుకుని వస్తానని లేచాను. మూడోసారి నన్ను దూరం నుంచే చూసి అతను లోపలికి వెళ్లిపోయాడు.

వై.ఎన్.హొసకోటలో మన మెకానిక్ ఓబన్న మామను అడిగాను. ఆయన చేతికి అంటిన గ్రీసు కూడా తుడుచుకోకుండా మొదలుపెట్టాడు. ఏడాదికి పది దినాలు బురద, మిగతా దినాలంతా దుమ్మే కదప్పా, ఆ పది దినాల కోసం ముందు చక్రాలకు కూడా కూడు పెడతావా అన్నాడు. డీజిల్ ఎక్కువ తాగుతాది, బరువు తక్కువ మోస్తాది, ముందు ఇరుసు చెడిందంటే సామాను వచ్చేదాకా మేక మాదిరి కట్టేసుకోవాల్సిందే అన్నాడు. ఇన్నేళ్లు టూ వీల్ బండే కదా ఈ నేల మీద నడిపినాడు హనుమేశు, యానాడన్నా అది చాలదన్నాడా అని కూడా అడిగాడు. నేను పని ఉందని లేచి వచ్చేశాను.

ఇంట్లో వేరే పాట. కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు, దాంట్లో ఆలోచించేదేముండాది, ఊరందరి ముందర మాటిచ్చినోడివి నువ్వే కదా, ఫోర్ వీలే తీసుకో అంటుంది మా ఇంటామె. అర్పిత అయితే ఫోన్లో రెండు బండ్లనూ పక్కపక్కన పెట్టి చూపించి, ఇది మంచిదా అది మంచిదా అని మార్కులు వేస్తూ కూర్చుంది. ఆ పిల్లను ఊరికే కసిరాను. తరవాత బాధపడ్డాను.

ఆఖరికి ఆంజనేయస్వామి గుళ్లో చీటీలు కూడా వేయించాను. టూ వీల్ వచ్చింది. స్వామీ ఇంకోసారి అన్నాను. మళ్లీ అదే వచ్చింది. మూడోసారి వెయ్యమంటే పూజారికి కోపం వచ్చింది. నీకు కావాల్సింది వచ్చేదాకా వేస్తా ఉండాలంటే దేవుడెందుకప్పా, నువ్వే రాసి పెట్టుకో అన్నాడు.

ఇక్కడికి ఆపుతాను. ఒక్కచోట కూర్చోబుద్ధి కావడం లేదు.

8-11-2025, శనివారం.

నిన్న లేచి పార్కు దాకా నడిచి వచ్చాను. ఏమీ పని లేదు. కంచె వెంబడి ఊరికే నడిచాను. చిన్నప్పుడు మనం చెనక్కాయలు పెరికి పచ్చివే తిన్న చేలన్నీ ఇప్పుడు ప్యానెళ్ల కింద ఉన్నాయి. వాటి కింద గడ్డి మళ్లీ మోకాలెత్తు పెరిగింది. ఆ గడ్డి చూసేసరికి కంచె వదిలేసి వెనక్కి వచ్చేశాను.

ఆ రోజు సంగతి నీకు తెలియనిది కాదు. అయినా ఒకసారి వరసగా రాసుకుంటే తప్ప ఈ బండి సంగతి నాకు తేలేటట్టు లేదు. కోపం తెచ్చుకోకుండా చదువు.

పోయిన ఏడాది అక్టోబరు. ముందు రోజు రాత్రి వాన పడింది. మధ్యాహ్నం ప్యానెళ్ల వరసల మధ్య గడ్డి కోస్తుంటే లక్ష్మక్క కాలిని పాము కరిచింది. నువ్వూ నేనూ ఆమెను పికప్పులో ఎక్కించాం. నువ్వు స్టీరింగు పట్టుకున్నావు. పావగడ ఆసుపత్రికి రెండు దారులు. తారు రోడ్డున పోతే చుట్టు, వంకలో దిగి ఆ వాగు దాటితే దగ్గర. నువ్వు వంక వైపు తిప్పావు. నడి వంకలో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఎంత ఆక్సిలేటరు తొక్కినా బండి జానెడు కదల్లేదు. నువ్వు అక్కను వీపు మీద వేసుకుని ఆ బురదలో పరిగెత్తావు. అవతలి గట్టు మీద ఎవరిదో మోటారు సైకిలు దొరికేసరికి గంట దాటిపోయింది. ప్రాణం నిలబడింది. తుమకూరులో మోకాలి కింద కాలు తీసేశారు.

ఆమె ఆసుపత్రి నుంచి వచ్చాక పదిమందీ కూర్చున్న చోట నువ్వు తల ఎత్తలేదు. నేను తారు రోడ్డున పోయుంటే మా అక్క కాలు ఉండేది అన్నావు. అప్పుడు నేను లేచాను. తప్పు హనుమేశుది కాదు, బండిది, రెండు చక్రాలు లాగే బండి ఆ బురదలో ఏం చేస్తాది, నాలుగూ లాగేదైతే బయటపడుండేది, ఇంక ఈ దేవరాజు కొంటే ఫోర్ వీలే కొంటాడు అన్నాను. అందరూ మెచ్చుకున్నారు. స్నేహితుడంటే ఇట్లుండాల అని చిక్కన్న తాత నా వీపు తట్టాడు. నువ్వు మాత్రం నా వైపు చూసి, బండి తెలిసినోడు బండిని యాడ దింపాలనో తెలిసుండాల, బండినెందుకు అంటావు అన్నావు. పది రోజులు తిరక్కుండా ఊరు విడిచి వెళ్లిపోయావు. ఏడాది దాటింది. అక్కను చూడడానికి ఒక్కసారి కూడా రాలేదు.

ఆమె నిన్ను ఒక్క మాట అనదు. నన్ను చూసినప్పుడల్లా ఒక్కటే అడుగుతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి తెచ్చినావా దేవరాజూ, నాకు పట్టిన గతి ఇంకొకరికి పట్టగూడదప్పా, అది ఊళ్లోకి వస్తేనన్నా మా తమ్ముడు మొహం ఎత్తుకుని వస్తాడు అంటుంది. నేను వస్తాదక్కా వస్తాది అంటాను. మొన్న ఆమెను తప్పించుకోవడానికి సందులో నుంచి పోయి పిడకల మీద పడ్డాను. నలభై రెండేళ్లవాణ్ణి.

కాబట్టి హనుమేశా, నువ్వే చెప్పాలి. టూ వీల్ అంటే టూ వీల్, ఫోర్ వీల్ అంటే ఫోర్ వీల్. నువ్వు వచ్చి నడుపుతానంటే ఆ బండి తాళం నీ చేతికిస్తాను. జీతానికి కాదు, రాబడిలో పాలికి. ఒక్కసారి ఫోన్ చెయ్యి. తిట్టడానికైనా సరే చెయ్యి.

నీ భార్యకు నా నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు చెప్పు.

నీ మేలు కోరే
దేవరాజు

తా.క. ఆదివారం పొద్దున రాస్తున్నాను. నిన్న సంతకం పెట్టి కవరు అంటించాను. ఇప్పుడు మళ్లీ చించాను. పైన రాసిందంతా జరిగిందే. కానీ ఒకటి రాయలేదు.

ఆ రోజు ట్యాంకులో నీళ్లు లేవు.

వానాకాలం బండి వెనక సగం ట్యాంకు నీళ్లు ఉంచుకునే తిరగాలని నాకు నేర్పినవాడివి నువ్వే. వెనక బరువుంటేనే వెనక చక్రాలు నేలను పట్టుకుంటాయనీ, ఉత్త బండి బురదలో దిగితే చక్రాలు తిరగడమే తప్ప బండి పోదనీ వందసార్లు చెప్పావు. ఆ రోజు కూడా ఎప్పటిలాగే సగం ఉంచావు. వంక దగ్గర బండి తిప్పబోతూ, బండి తేలిగ్గా పోతాండాదే, నీళ్లు ఉండాయా దేవరాజూ అని అడిగావు. ఉండాయి పోనీ, సగం ఉండాయి అన్నాను. లేవంటే నువ్వు తారు రోడ్డున పోయేవాడివి.

ఆ పొద్దున నువ్వు సద్ది తింటున్నప్పుడు బండి నేను తీసుకుపోయాను. రెండు రోజుల్లో మా కొత్తింటి గృహప్రవేశం. మా బోరు నీళ్లు ఉప్పు, పొయ్యి మీద పొద్దంతా పెట్టినా కందిపప్పు ఉడకదు. ప్యానెళ్ల అద్దం మీద మరక పడకూడదని పార్కులో ఫిల్టరు చేసిన నీళ్లు పడతారు కదా, వాటితో అయితే పప్పు వెన్నలా ఉడుకుతుంది. వంటకు వాటినే వాడుకుందామని ట్యాంకులో ఉన్నవన్నీ మా ఇంటి డ్రమ్ముల్లో దింపుకున్నాను. పార్కు నీళ్లు ఇంటికి తోలుకున్నానని సైటు సూపర్‌వైజరుకు తెలిస్తే కాంట్రాక్టు పోతుంది. ఆయన బండి పక్కనే నిలబడి లక్ష్మక్కను ఎక్కిస్తుంటే చూస్తున్నాడు. అక్కడి నుంచి వంక దాకా బండిలో మనం తప్ప పైవాళ్లు లేరు, అప్పుడైనా చెప్పొచ్చు. నోరు రాలేదు. బండి ఎట్లో దాటేస్తుందిలే అనుకున్నాను.

నువ్వు అక్కను వీపున వేసుకుని పోతుంటే, నేను ఉత్త ట్యాంకు వాల్వు తిప్పి వదిలేశాను. ఎవరైనా చూస్తే, బండి లేపడానికి నీళ్లు వదిలేశానని అనుకోవాలని. తరవాత ఊరివాళ్లు అడిగితే అదే చెప్పాను. ముహూర్తం మార్చకూడదని, ఆమె తుమకూరు ఆసుపత్రిలో ఉండగానే గృహప్రవేశం కూడా చేసుకున్నాను.

పోయిన నెల వాన పడిన మర్నాడు, సగం ట్యాంకు నింపుకుని ఆ వంకకు ఒక్కణ్ణే వెళ్లాను. మనం దిగబడిన చోటే దింపాను. సెకండ్ గేరులో, చక్రం ఒక్కసారి కూడా జారకుండా అవతలి గట్టు ఎక్కింది. దిగి చక్రాల జాడ చూశాను. నీ లెక్క సరిగ్గానే ఉంది హనుమేశా. బండిది కూడా తప్పు కాదు. నువ్వు నా మాట నమ్మావు, అంతే.

నాకు తేలనిది ఏ బండి అన్నది కాదు. ఈ నేలకు టూ వీల్ చాలు, అది నాకు ఏడాదిగా తెలుసు. టూ వీల్ కొంటే మాట ఎందుకు తప్పావని ఊరంతా అడుగుతుంది, చెప్పాల్సి వస్తుంది. ఫోర్ వీల్ కొంటే ఆ అబద్ధం రోజూ మా ఇంటి ముందర నిలబడి ఉంటుంది, నువ్వు హిరియూరులోనే ఉండిపోతావు. రేపు షోరూముకు పోను. సైటు ఆఫీసుకు పోయి నీళ్ల సంగతి చెప్పేస్తాను. ఆ తరవాత నాకు ఏ బండీ అక్కర్లేకపోవచ్చు.

ఇందాక లక్ష్మక్క దగ్గరికి వెళ్లి వచ్చాను. అంగడి ఇంకా తియ్యలేదు, గడప దగ్గర కూర్చుని ఉంది. నీకు రాసినదంతా ఆమెకు నోటితో చెప్పాను. అంతా అయ్యాక, ఆ పొద్దు పప్పు బాగా ఉడికిందా దేవరాజూ అని అడిగింది.

ఉడికిందక్కా అన్నాను.

ఇంక పో, ఆ కాగితం రేపు పొద్దున్నే వానికి పంపు అని చెప్పి, కర్ర పట్టుకుని లేచి తలుపు వేసుకుంది.