దొరక్కూడని మోటార్లు

మార్చి 3, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫోన్. కాకినాడ నుంచి ఆయనే. పడవకున్న రెండు మోటార్లూ పోయాయట. ఉప్పునీళ్ళు లోపలంతా తినేశాయట. "కొత్తవి మన వల్ల కాదు. రాణిగంజ్‌లో పాతవి దొరుకుతాయి, చూడవే సుగుణా. రెండూ ఒకే జత కావాలి. రెండు డొప్పల పడవ కదా, డొప్పకో మోటారు, ఒకటి గట్టిదీ ఒకటి నీరసందీ అయితే ఉన్నచోటే గిరగిరా తిరుగుద్ది." సరే అన్నాను. తిన్నారా అని అడగబోతుంటే — "దొరక్కపోతే పడవ అమ్మేసి వచ్చేస్తాలే."

వచ్చేస్తా... ఇది రాస్తూ కూర్చుంటే పప్పు అడుగంటింది. అంటితే అంటనీ.

మార్చి 4

ఏడో తరగతికి చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పాను. "మొన్ననే అయింది టీచర్" అని నవ్వారు. నేనూ నవ్వాను.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరైన మర్నాడే ఈయనకి పుట్టిన ఊరి సముద్రం గుర్తొచ్చింది. ఆ పడవ కొనడం, జనాన్ని దీవికి తిప్పడం... నాకేమో ఇంకా సర్వీసుంది. అల్వాల్‌లో ఇల్లు కట్టింది నేనొక్కదాన్నే కూర్చుని గోడలు చూసుకోడానికా?

మార్చి 6, బుధవారం

బడి వదలగానే రాణిగంజ్. నాలుగు దుకాణాల్లో అడిగాను. అన్నిట్లో పంపుసెట్లు, జనరేటర్లు. చివరికి ఖాజా భాయ్ అని ఒక పెద్దాయన. "పడవ మోటరా అమ్మా? సికింద్రాబాద్‌ల సముద్రం ఏడుంది?" అని ఒకటే నవ్వు. ఒకటుందట. ఒక్కటే. జత లేదు.

జత లేదంటే ఎంత సంతోషమేసిందో! పైకి మాత్రం అయ్యో అన్నాను. ఇంటి ఫోన్ నంబరు ఇమ్మంటే ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

మార్చి 8, శుక్రవారం

పక్కింటి విమలక్క వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. ఎవరికేం మనవులున్నాయో చెప్పమన్నారు. నా వంతు వచ్చేసరికి పాటల పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. విమలక్క ఊరుకుంటుందా! మా ఇళ్ళ మధ్య గోడకి చెవులున్నాయి మరి. "ఏందమ్మా సుగుణా, మీ ఆయన మోటర్లు ఖరాబైనయంట, మాకు చెప్పవా? గిట్ల మనసుల పెట్టుకుంటే ఎట్ల?" ఇంకేముంది — అందరూ మోకాళ్ళ మీద. "ప్రభువా, నీ బిడ్డకు మోటర్లు దయచెయ్యి, రెండూ ఒక్క తీరువి దయచెయ్యి..." జత సంగతి కూడా మర్చిపోలేదు మహాతల్లి.

గది నిండా ఆడవాళ్ళు ఒకటి అడుగుతుంటే, నేనొక్కదాన్ని కళ్ళు గట్టిగా మూసుకుని ఇంకోటి అడిగాను. దొరకనివ్వకు ప్రభువా. ఆయన్ని పంపించెయ్. అందరూ ఆమెన్ అంటే నేనూ అన్నాను. ఏ ఆమెన్ దేనికో దేవుడే చూసుకోవాలి.

మార్చి 10

ఫోన్ రాలేదు. ఆదివారాలు తప్పకుండా చేసే మనిషి.

మార్చి 12

వచ్చింది, ఖాజా భాయ్ నుంచి. బొల్లారం వేలంలో జోడీ దొరికిందట. "చెరువుల తిరిగినయమ్మా, ఉప్పు తగల్లే. నసీబున్నోళ్ళకే దొరుకుతయి. గురువారం వచ్చి నడిపి చూస్కో."

విమలక్క ప్రార్థనకి బలమెక్కువ.

మార్చి 14, గురువారం

ఖాజా భాయ్ షెడ్డు వెనకాల. పెద్ద డ్రమ్ము నిండా నీళ్ళు, అంచుకి బిగించిన మోటారు. బిస్మిల్లా అని తాడు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. రాలేదు. నా గుండె తేలికైంది, నిజం చెప్పాలంటే. మూడోసారికి అందుకుంది. డ్రమ్ములో నీళ్ళు ఎగిరి నా చీర కుచ్చిళ్ళు తడిసిపోయాయి. రెండోది బిగించాడు. అది మొదటిసారి లాగగానే అందుకుంది.

ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాను. క్రిస్మస్ సెలవుల్లో కాకినాడ వెళ్ళినప్పుడు ఆయన నన్ను పడవలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళారు. వెనక్కి తిరిగి చూస్తే — గాలికి చొక్కా ఉబ్బిపోయి, తనలో తనే నవ్వుకుంటూ ఉన్నారు. లాలాగూడ నుంచి సైకిలు మీద ఇంటికొచ్చిన రోజుల్లో ఒక్కనాడూ ఆ మొహం చూడలేదు నేను. ఇక్కడికి తెస్తే ఆ మొహం మిగలదు. కానీ ఆ మనిషి కావాలి. పొద్దున టీ గ్లాసు పట్టుకుని పేపరు మీద విసుక్కునే ఆ మనిషి నాకు కావాలి.

వంక పెడదామని చుట్టూ తిరిగి చూశాను. ఏ వంకా దొరకలేదు. ఆలోచించి చెప్తాను భాయ్ అన్నాను.

"ఇంకేం సోచాయిస్తవమ్మా, గింత మంచి జోడీని? ఇంకో పార్టీ సుత అడుగుతున్నడు. సోమవారం దాంక ఆపుతా. జెర జల్దీ చెప్పు."

మార్చి 15

గేటు తీస్తుండగానే విమలక్క. "దొరికినయా?" తలూపాను, అబద్ధం నోటికి రాలేదు. "స్తోత్రం! ఆదివారం చర్చిల లేచి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పాలె మరి. ప్రార్థన చేయించుకుని మూగదానిలెక్క కూసుంటే ఎట్ల?"

మార్చి 16

తలనొప్పి. కూర వండలేదు.

మార్చి 17, ఆదివారం

చర్చిలో అయ్యగారు సాక్ష్యాలున్నవాళ్ళు లేవండి అన్నారు. విమలక్క మోచేత్తో పొడిచింది. లేచాను. "మా ఆయన పడవకి మోటార్లు దొరికాయి, దేవునికి స్తోత్రం" అన్నాను. అంతే, ఏడుపొచ్చేసింది. అందరూ హల్లెలూయా అన్నారు. ఆనందబాష్పాలనుకున్నారు! కూర్చుంటే విమలక్క నా చెయ్యి పట్టుకుంది. పాపం, ఆమె కళ్ళలోనూ నీళ్ళు.

మధ్యాహ్నం ఫోన్.

"దొరికాయా?"

దొరికాయండీ.

"జతేనా?"

జతే. ఉప్పు తగలనివి.

ఎగిరి గంతేస్తారనుకున్నాను. లైను పోయిందేమో అనుకుని హలో హలో అన్నాను. "ఉన్నానే" అన్నారు. ఇంక ఆగలేకపోయాను. అందరూ దొరకాలని అడిగారు, నేను దొరక్కూడదని అడిగానండీ, మీరొచ్చేస్తారని — అని గబగబా చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అటు ఫోన్ బూత్ తలుపు ఎవరో కొడుతున్న చప్పుడు. "ఒక్క నిమిషం బాబూ" అని వాళ్ళకి చెప్పి, గొంతు బాగా తగ్గించి —

"నేనూ అదే అడిగానే సుగుణా."

పెట్టేశారు.

అప్పట్నుంచీ ఫోన్ పక్కనే కూర్చున్నాను. నిజంగానే అన్నారా, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నారా? ఎదురుగా ఉంటే మొహం చూసి చెప్పేదాన్ని. రేపు సోమవారం, పొద్దున ఖాజా భాయ్‌కి ఏమని చెప్పను...