గురువారం ప్రసంగం, మూడో వరస కుర్చీ

ముందుగా ఒక సవరణ. నిన్న భోజనాల దగ్గర నా మనవరాలివైన నువ్వు, "ప్రసంగానికేముంది అమ్మమ్మా, వచ్చే నెలకి వాయిదా వేయిస్తాను, అదెక్కడికి పోతుంది" అన్నావు. పోతుంది. మీ అమ్మది పోయింది. ఆ సంగతి ఐదో అంశంలో రాస్తాను. ఈలోగా చట్టం అడిగే నాలుగు ముక్కలు రాయనీ.

కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన నేను, రేపు ఉదయం గుండెకు ఆపరేషన్ చేయించుకోబోతూ, తెలివి తెలివిగానే ఉండగా, ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించకుండా, నా ఆస్తిని ఈ విధంగా పంచుతున్నాను. మనసు స్థిరంగానే ఉంది, కాళ్లే స్థిరంగా లేవు. జీవితమంతా రాళ్ల గురించి చెప్పాను గాని, ఒక్కచోట కుదురుగా ఉండటం వాటి దగ్గర నేర్చుకోలేదు. దీన్ని అమలు చేసే బాధ్యత నీది. కవరులో పెట్టి అతికించను, ఇప్పుడే చదువు.

1. నా స్వార్జితమైన ఈ మేడమీది వాటా నా తదనంతరం నా కూతురికి, ఆమె తర్వాత నీకు, సర్వహక్కులతో చెందుతుంది. వంటింటి కిటికీ గడియ కాస్త పైకెత్తి తోస్తేనే పడుతుంది. ఇది దస్తావేజులో లేదు.

2. పడక కుర్చీ అల్లుడికి. పెళ్లయిన మర్నాటి నుంచీ అది అతని స్వాధీనంలోనే ఉంది. ఇప్పుడు చట్టబద్ధం చేస్తున్నాను.

(ఇక్కడ లేచి గ్యాస్ కట్టేశానో లేదో చూసి వచ్చాను. కట్టే ఉంది.)

3. పుస్తకాలు కాలేజీ లైబ్రరీకి. పెద్ద నిఘంటువు మాత్రం నీకు. దాని మీద మా ప్రశ్నల మాస్టారికి ఎప్పట్నుంచో కన్ను. ఎవరి ప్రసంగమైనా అయ్యీ అవగానే లేచి, "ఇది ప్రశ్న కాదండీ, చిన్న మాట" అని మొదలుపెట్టి, వక్త కంటే ఎక్కువసేపు మాట్లాడే పెద్దమనిషి. నా మొదటి ప్రసంగం రోజున నా టీ చల్లారిపోయేదాకా మాట్లాడారు. నేను మర్చిపోలేదు. సాక్షి సంతకం చేసినవాళ్లకి వీలునామాలో ఏమీ దక్కదని వకీలు చెప్పగానే, సాక్షిగా ఆయన్నే పిలిపించాను.

4. గాజు స్లైడ్ల పెట్టె నా కూతురికి. తడిగోడల మీద నాచు ఎలా బతుకుతుందో ఆమె తీసిన బొమ్మలవి. తనే చెత్తబుట్టలో పడేసింది. నేను తీసి బీరువాలో దుప్పట్ల కింద దాచాను.

5. ఆ స్లైడ్లు చూపించాల్సిన రోజునే మీ తాతయ్య ఆసుపత్రిలో పడ్డారు. మీ అమ్మ ప్రసంగం మానుకుని మంచం పక్కన కూర్చుంది. ఎవరు ఎక్కడ మాట్లాడారు, ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరు పోయారు, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో వేసే మా 'కళాశాల వార్తలు'లో ఆమె పేరు పక్కన 'వాయిదా. తేదీ త్వరలో' అని వేశారు. మీ తాతయ్య నాలుగు రోజులకి లేచి కూర్చుని, కాఫీలో పంచదార తక్కువైందని నర్సుతో పేచీ పెట్టుకున్నారు. ప్రసంగం మాత్రం మళ్లీ లేవలేదు. ఆ ప్రసంగం విని ఇవ్వాల్సిన కాలేజీ ఉద్యోగం ఇంకొకరికి వెళ్లింది. ఆ 'త్వరలో' ఇంకా రాలేదు. మీ అమ్మ ట్యూషన్లు చెప్పుకుంటోంది, నాచు ఊసెత్తదు. దారిలో తడిగోడ కనబడితే మాత్రం ఆగుతుంది.

(మళ్లీ లేచాను. ఈసారి ఎందుకో నాకే తెలియదు.)

6. కాబట్టి రేపు పదకొండు గంటలకి, పక్షుల గూళ్లలో ప్లాస్టిక్ దారాల మీద నీ ప్రసంగం జరిగి తీరాలి. నీ ఉద్యోగం తేల్చే ఎంపిక కమిటీ వచ్చేది రేపే. నువ్వు బయట గోళ్లు కొరుక్కున్నంత మాత్రాన లోపల డాక్టరు చెయ్యి కుదురుగా ఆడదు. ఆసుపత్రికి అల్లుడొస్తాడు. బెంచీ మీద నిద్రపోగలగడమే అక్కడ కావలసిన అర్హత. నువ్వు ఆ వరండాలో కనబడ్డావో, నీకు రాసినదంతా అమ్మి, ప్రశ్నల మాస్టారి పేరిట ఏటా ఒక ఉపన్యాసం పెట్టించాలి. మనిషి బతికుండగా వీలునామా చెల్లదంటాడు వకీలు. బతికితే నేనే దగ్గరుండి అమలు చేయిస్తాను.

7. నువ్వు మాట్లాడబోయే మా కాలేజీ హాల్లో మూడో వరస, నడవ పక్క కుర్చీ నాది కాదు, నేలకి బిగించి ఉంది. అయినా మీ అమ్మకి రాస్తున్నాను. ప్రసంగం మధ్యలో నేను లేచినప్పుడల్లా అది కిర్రుమనేది. ఆ చప్పుడుకి హడలిపోయి ఒకేసారి మూడు పేజీలు తిప్పేసిన వక్తలున్నారు. విసుగనుకునేవారు. కాదు, నా కాళ్లు ఊరుకోవు, అంతే. మీ అమ్మ నాలా కాదు, కదలకుండా కూర్చుంటుంది. కానీ నిన్ను ఆ వేదిక మీద చూసి, చటుక్కున లేచి బయటికి వెళ్లాల్సి రావచ్చు. నువ్వు తలెత్తకు. చదువుతూనే ఉండు.

తేదీ: ఈ నెల పద్నాలుగు, బుధవారం.

సంతకం: మీ అమ్మమ్మ (కాలేజీలో రాళ్లమ్మ)

సాక్షులు:
ప్రశ్నల మాస్టారు. సాక్షి చదవనక్కర్లేదని చెప్పినా, "ఇది ప్రశ్న కాదండీ" అన్నారు.
కింది వాటా దర్జీ. సంతకం చేసి, ఆపరేషన్ ఎన్నింటికని అడిగి వెళ్లింది.

ఒక చిన్న పని. కిందికి వెళ్లి దర్జీ దగ్గర మిషన్ నూనె డబ్బా అడిగి తెచ్చుకో. రేపు హాలు తలుపు తీయగానే ఆ కుర్చీ మడత దగ్గర రెండు పక్కలా రెండేసి చుక్కలు వెయ్యి. చప్పుడు పోయేదాకా సీటు పైకీ కిందికీ ఆడించు. కారిన నూనె గుడ్డతో తుడువు, మీ అమ్మ మంచి బట్టలు కట్టుకుని వస్తుంది. డబ్బా మాత్రం మర్చిపోకుండా తిరిగి ఇచ్చెయ్యి.