అరకిలో యాంగోనా, ముప్ఫై ఓట్లు

1996 నవంబర్ 4

ఈ రోజు చరిత్రలో నిలిచిపోతుంది. యూనివర్సిటీ లెక్చరర్ల యూనియన్ ప్రెసిడెంట్ పదవికి నామినేషన్ వేశాను. నేను ఎకనామిక్స్‌లో అందరికన్నా జూనియర్ని. నా జనబలం కెమిస్ట్రీ సర్లా ఒక్కతే.

ప్రజాసేవ మీద తపనేమీ లేదు. డిసెంబర్ 31న నా కాంట్రాక్టు అయిపోతుంది. రెన్యూ చెయ్యనన్నాడు డీన్, కారణం చెప్పలేదు. యూనియన్ ప్రెసిడెంట్ సంతకం ఉంటేనే నా కంప్లైంటు ట్రిబ్యునల్‌కి వెళ్తుంది. ప్రెసిడెంట్ శివ ప్రసాద్ గారు నాలుగు నెలలుగా దాన్ని పొదుగుతున్నారు. పిల్ల రాలేదు. ఈసారీ ఆయనే నిలబడుతున్నారు. ఇక ఆ కుర్చీలో నేనే కూర్చుని, నా కాగితం మీద నేనే సంతకం పెట్టుకోవాలి.

ఫిజీలో కూర్చుని తెలుగులో రాస్తున్నాను. నాయనమ్మ పాపమ్మ నేర్పిన అక్షరాలు. ఈ కాంపస్‌లో ఇంకెవరికీ రావు. ఇంతకన్నా మంచి తాళం దొరకదు.

నవంబర్ 8

తప్పు చేశాను. బాటనీ వైసాలె గారి షెడ్డులో శుక్రవారాలు యాంగోనా, మొక్క వేళ్ళు దంచి కలిపిన మత్తు నీళ్ళు, తాగుతారు. ఫిజియన్ లెక్చరర్లందరికీ ఆయన పెద్ద. ఆయన ఎటంటే ముప్ఫై ఓట్లు అటు. నాలుగు కొబ్బరి చిప్పలు పడ్డాక లేచి, డీన్ వెనక గొడుగు పట్టుకుని శివ ప్రసాద్ గారు నడిచే నడక నడిచి చూపించాను. అందరూ పడి పడి నవ్వారు. వైసాలె గారు నవ్వలేదు. శివ ప్రసాద్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారని నాకెవరూ చెప్పలేదు.

నవంబర్ 10

మా ఊరు బా నుంచి నాన్న ఫోన్. రారవాయి చక్కెర మిల్లులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. ఏం రా కేశవా, జాబ్ పక్కా అయిందా, మందిర్‌లో అందరికీ బోల్ దియా అన్నాడు. అయిపోతోంది నాన్నా అన్నాను.

నవంబర్ 15

సర్లా సలహా: వట్టి చేతుల్తో ఓట్లడక్కు, యాంగోనా వేళ్ళు పట్టుకెళ్ళు. అరకిలో కొని, కట్ట కట్టించి, షెడ్డులో వైసాలె గారి ముందు చాప మీద పెట్టాను. ఫిజియన్‌లో బట్టీ పట్టిన ప్రసంగం మొదటి ముక్క దగ్గరే మర్చిపోయి తల వంచుకుని కూర్చున్నాను. పక్కనే శివ ప్రసాద్ గారు. వైసాలె గారు కట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడారు. నాకు అర్థమైంది వినాకా, అంటే థాంక్స్, అదొక్కటే. అన్నిటికీ తలూపాను. ఆయన కళ్ళు చెమర్చాయి. శివ ప్రసాద్ గారైతే నన్ను కావలించుకున్నారు.

ప్రత్యర్థి కూడా మనవైపే! గెలిచినట్టే.

నవంబర్ 16

సర్లా తల పట్టుకుంది. అరే బుద్ధూ, నువ్వు చేసింది సోరో, క్షమాపణ అంది. అవమానించినవాడు వేళ్ళు తెచ్చి నోరెత్తకుండా తల వంచితే అదేనట. పెద్దాయన చెయ్యి వేశాక ఆ గొడవ మళ్ళీ ఎత్తకూడదట. ఓట్ల కోసం వచ్చానని చెప్పలేదా అంది. అది రెండో ముక్కలో ఉంది అన్నాను. గొడవంటే నడక ఒక్కటే కదా అని ఆశగా అడిగాను. పోటీ కూడానట.

నవంబర్ 19

అంతా చెప్పేద్దామని వైసాలె గారింటికి వెళ్ళాను. ఉడికించిన దాలో దుంపలు, చేప పెట్టారు. కొడుకులిద్దర్నీ పిలిచి, తల వంచడం ఈ ఇండియన్ అన్నని చూసి నేర్చుకోండి అన్నారు. దుంపలు తిని వచ్చేశాను.

నవంబర్ 20

ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి. ఎదురు అరకిలో వేళ్ళిచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నాను.

నవంబర్ 22, జనరల్ మీటింగ్ తర్వాత

అది సోరో కాదని చెప్పడానికే లేచాను. ముందు వరసలో వైసాలె గారు, ఇస్త్రీ చేసిన సులు, వాళ్ళ లుంగీ, కట్టుకుని, నన్ను చూసి మెల్లగా తలూపారు. అంతమంది ముందు ఆయన చెయ్యి వేసిన కట్టని నేను అబద్ధం అనాలి. నోరు తెరిచాను. పోటీ నుంచి తప్పుకుంటున్నాను అని వచ్చింది. చప్పట్లు. ఎవరూ నవ్వని నా మొదటి ప్రసంగం.

బయట శివ ప్రసాద్ గారి చెయ్యి పట్టుకున్నాను. సర్, నా కంప్లైంటు, ఒక్క సంతకం అని బతిమాలాను. భుజం తట్టి, అరే బేటా, సోరో హోయ్ గయా, అబ్ సబ్ ఖలాస్, ఆ కాగితం కూడా అందులోనే పోయింది కదా అన్నారు. వెటకారం కాదు. నిజంగానే నమ్ముతున్నారు. అప్పుడు భయం వేసింది.

డిసెంబర్ 31

గది ఖాళీ చేశాను. తలుపు మీద నా పేరు పలక స్క్రూలు తుప్పు పట్టి కదల్లేదు. కొత్తగా వచ్చేవాణ్ణి కొన్నాళ్ళు కేశవ అని పిలుస్తారు.