ముద్ర కొట్టిన చెయ్యి

చిరంజీవి అమ్మలుకి నాన్న దీవెనలు.

ఇక్కడ ఇద్దరమూ బాగానే ఉన్నాం. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, నోటి జోరు మాత్రం తగ్గలేదు. వంటింటి కిటికీకి రెక్క వేయించావా అని అడిగావు. వేయించాను.

చెట్ల నరికివేత చట్టం మార్చాలని నువ్వు వేసిన కేసు గురించి పేపర్లో చదివాను. ఎండిన చెట్టయితే తనిఖీ లేకుండా ఏ కాలంలోనైనా కొట్టుకోవచ్చన్న నిబంధనను సరిగ్గా పట్టుకున్నావు. ఎండిన చెట్లకే తొర్రలుంటాయి, ఆ తొర్రల్లోనే గూళ్ళుంటాయి. "వాగు పక్క ఎండిన పెద్దచెట్టుకు నరకమని ముద్ర కొట్టిందెవరు నాన్నా?" అని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ మాట దాటేశాను.

నేనే కొట్టాను తల్లీ.

ఆ తొర్రలో పెద్దముక్కు పిట్ట పొదుగుతోందని నాకు తెలుసు. ఆడపిట్ట లోపల కూర్చుని వాకిలి మట్టితో మూసుకుంటుంది. రెక్కల ఈకలు రాలిపోయి ఎగరలేదు. మగపిట్ట సందులోంచి పండ్లు అందిస్తుంది.

"అయ్యా, లోపల పిట్ట ఉందండీ. రెండు నెలలు ఆగుదాం," అన్నాను మా ఫారెస్టు రేంజరుతో.

"ఫారంలో పిట్టకి గడి ఉందా? లేదుగా! రిటైర్మెంటుకి ఏడాదే ఉంది, నీ సంగతి చూసుకో," అన్నాడు.

నరికే చెట్లకు ఆఫీసు గుర్తు వేసే ముద్ర సుత్తి ఎత్తి కొట్టాను. గంట తిరక్కుండానే రంపం వచ్చింది. చెట్టు కూలాక తొర్రలో చెయ్యి పెట్టి చూసిందీ నేనే. తల్లిపిట్ట, రెండు పిల్లలు. ఒక్కటీ బతకలేదు. మగపిట్ట నాలుగు రోజులు ముక్కున పండు పెట్టుకుని వచ్చి, చెట్టు లేని చోట గాల్లో తిరిగి తిరిగి పోయింది. అప్పట్నించి నాకు ముద్ద గొంతు దిగడం లేదు. పైన బాగానే ఉన్నామని రాసింది ఊరికే.

నిన్న కొత్త జాబితా ఇచ్చారు. నలభై ఒక్క చెట్లు, సోమవారం నుంచి. పదిహేడింటికి తొర్రలున్నాయి. నేను కాదంటే ఇంకొకడు కొడతాడు. అందుకే ఆఫీసు సుత్తిని ఈ ఉత్తరంతోపాటు పార్శిల్‌లో నీకు పంపుతున్నాను. ముద్ర లేనిదే రంపం పెట్టకూడదు. కొత్తది చేయించడానికి పదిరోజులు పడుతుంది. నన్ను దొంగంటారు, అననీ. దాన్ని జడ్జిగారి బల్ల మీద పెట్టు. సాక్షి ఎవరంటే నా పేరు చెప్పు. నాన్న కదా అని దాచకు.

మీ అమ్మకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. పదిరోజులే తల్లీ. ఏదో ఒకటి చెయ్యి.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
మీ నాన్న