గంజి పెట్టిన మాస్కు

జ్యోతీ, చీరలు ఇచ్చి రావడానికి వన్ టౌన్ వెళ్తున్నాను. వచ్చేసరికి ఆరవుతుంది. బెండకాయ వేపుడు పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. పెరుగు తీశాక ఫ్రిజ్ తలుపు గట్టిగా నెట్టు, ముఖానికి పరుచుకునే నీ కొరియా మాస్కులు అడ్డొచ్చి సరిగ్గా పడటం లేదు.

నిన్న నువ్వు పారేసిన మాస్కు తీసి ఉతికాను. అంత సన్నటి గుడ్డ ఒక్కసారికే పారేస్తారని నాకేం తెలుసు? మన మగ్గం మీది పడుగు నూలుకు పెట్టినట్టే పల్చగా గంజి పెట్టి ఆరేస్తే అట్టలా బిగుసుకుపోయింది. దాన్ని మాత్రం ముఖానికి పెట్టుకోకు, ఉన్న మొటిమలు చితుకుతాయి. కొత్తది కూడా నేను వచ్చాకే వేసుకో.

జిడ్డు ముఖమని ఎందుకంత బాధపడతావో నాకర్థం కాదు. మీ నాన్నదీ అదే ముఖం. మగ్గం మీద నుంచి లేచేసరికి నుదురు తళతళలాడేది. ఆ ముఖం మీద తెల్లగుడ్డ కప్పిన రోజు నేనింకా మర్చిపోలేదు.

నిన్న తలుపు తీసేసరికి నువ్వు ముఖం నిండా తెల్లగుడ్డతో కదలకుండా పడుకుని ఉన్నావు. రెండుసార్లు పిలిచినా పలకలేదు. చెవుల్లో పాటలు పెట్టుకున్నానని తర్వాత తీరిగ్గా చెప్పావు. నేను అరిచింది మాస్కు ఖరీదు గురించి కాదు.

ఇకమీదట గది తలుపు తీసే ఉంచు.

అమ్మ

మాస్కు వేసుకున్నంతసేపూ, గుమ్మంలోంచి నాకు కనబడేలా కాలి బొటనవేళ్ళు ఆడిస్తూ ఉండమ్మా.