కెజియా పైపు మీద పట్టీ

ఏమయ్యా, ఈ చీటీ చదువు. మేకల కాడినుంచి రాగానే పాప కెజియాను ఎత్తుకోవద్దు. ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో, చొక్కా మార్చుకో. నేను ఆరింటి బస్సుకు మార్కాపురం పోతున్నా. కెజియాకు కీమో మందు ఎక్కించే పైపు ఉంది కదా, ఎద మీద దానికి వేసిన పట్టీ ఒక పక్క ఊడింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈ పొద్దే కొత్తది వేయించమన్నారు. పట్టీ కొనుక్కొని, నర్సు విజయక్కను ఆటోలో పిలుచుకొని వస్తా. బస్సులో అందరూ దగ్గుతుంటారు, అందుకే పాపను అత్తమ్మ కాడ వదిలిపోతున్నా.

అంతదాకా పట్టీని ఎవరూ ముట్టుకోవద్దు. పసుపు పెట్టొద్దు, స్నానం చేయించొద్దు. గంటకోసారి జ్వరం చూడు. నూరు దాటినా, చలి అని వణికినా మాత్ర వేయొద్దు, నాకోసం కాచుకోవద్దు. ఆసుపత్రికి ఫోన్ చేసి, కారు మాట్లాడుకొని వెంటనే పో. పైపు కాడ చీము పడితే ఒక్క పూటలో రక్తంలోకి పోతుందంట. ఇందాక నుదురు ముట్టి చూసినా, చల్లగానే ఉంది. అయినా ఇంకో రెండుసార్లు పోయి చూసినా.

ఇంకో మాట. ప్రార్థన నూనె పూసి పట్టీ ఊడగొట్టిందని నిన్న అత్తమ్మను తిట్టినావు. ఆమె కాదు. నేనే పట్టీ అంచు ఎత్తి పూసినా. నువ్వు అరుస్తుంటే భయమేసి నాకు నోరు రాలేదు. నేను పూసేటప్పుడు అత్తమ్మ వాకిట్లోంచి చూసింది. అయినా తిట్లన్నీ తానే తిన్నది.