షడ్డకుడి నీలం ఫోమ్

ఆదివారం, ఇంట్లో అందరూ పడుకున్నాక

బూర్గంపాడులో మా షడ్డకుడు శ్రీధర్ చేసిన కొండల మోడల్ ఇంకా కళ్లముందే ఉంది. అదేదో నీలం రంగు ఫోమ్. చాకు పెడితే నున్నగా తెగుతుంది, ఒక్క గింజ రాలదు. ఎక్కడిదని అడిగితే నవ్వాడు.

"దొరికింది లే అన్నా, గట్ల."

నేనేమో గోదావరి రాళ్ల మోడల్ చేద్దామని టీవీ డబ్బాలో వచ్చిన థర్మాకోల్‌తో కుస్తీ పడుతున్నాను. పైగా వాడి ముందే మా ఆవిడ, "మీరు కోస్తే ఇల్లంతా తెల్ల గింజలే, ఊడ్వలేక సస్తున్న" అంది.

ఇంటికొచ్చి ఆ ఉక్రోషంలో నా గోదావరి రాళ్ల మీద స్ప్రే పెయింట్ కొట్టాను. థర్మాకోల్ కరిగి గుంటలు పడిపోయింది. మా ఆవిడ పడీపడీ నవ్వి, ఫొటో తీసి వాళ్ల చెల్లెలికి పంపింది.

వెంటనే శ్రీధర్ ఫోన్. ఎగతాళికే అనుకున్నాను.

"అన్నా, అచ్చం ఎండాకాలంల గోదారి రాళ్లే! గా ఫోమ్ ఏంది? యాడ దొరికింది?"

"దొరికింది లే తమ్మీ, గట్ల."

ఆ నీలం ఫోమ్ ఎక్కడిదో నాకింకా తెలియదు. కానీ ఈ రాత్రి వాడికీ నిద్ర పట్టదు.